ఓడిన తానీషా ముచ్చట

జర దగ్గరికి జరుగుండ్రి, బిడ్డా. పుష్యమాసం చలి ఇది, బండల మీదికెల్లి వచ్చే గాలి వీపుకు గట్టిగ తగుల్తది. కట్టె ఇంకోటి ఏసిన. మీరు అడిగిన ముచ్చటకే వస్తున్న. ఆఫీసుల నాయకత్వం మీద క్లాసు పెట్టిండ్రని, లింకన్ గురించి చర్చిల్ గురించి చెప్పిండ్రని, మన దిక్కు అసుంటి రాజు ఎవ్వరు లేకుండెనా తాతా అని అడిగిండ్రు గదా. ఉండె. మీరు రోజు పొద్దుగాల బండ్ల మీద పోయే కేబుల్ బ్రిడ్జి కిందనే ఆయన తాగిన నీళ్ళు ఉన్నయి.

దుర్గం చెరువు అంటె మీకు బోట్లు, రాత్రిపూట రంగుల లైట్లు యాదికొస్తయి. వంతెన వచ్చింది 2020ల, మొన్నటి మాట. 1998ల వాజపేయి వచ్చి సైబర్ టవర్స్ తెరిచిన నాడు గూడ పట్నంల ఉన్నోళ్ళకు శానామందికి ఈ చెరువు తెల్వదు. చుట్టూత గుట్టలు, అంచు దాక పోతెగని నీళ్ళు కండ్లవడకపోయేటియి. మేము పోరగాళ్ళం ఉన్నప్పుడు సీతాఫలాలకని గుట్టలెక్కి పోతుంటిమి, మాదాపూరంటె అప్పుడు చెల్కలు, ఈదులు, బండలే. ఆ బండల సందుల కాళ్ళు జాపుకొని కూసొని మా తాత చెప్పెటోడు, ఈ నీళ్ళు గోల్కొండకు పోయేటియిరా అని. కుతుబ్ షాహీల కాలంల ఈడికెల్లి కోట దాక భూమిల మట్టి గొట్టాలు పరిచిండ్రు. కోట కింద కటోరా హౌజ్ అని పెద్ద హౌజు, అది ఈ నీళ్ళతోటె నిండేది. ఆడికెల్లి చక్రాలు పెట్టి, ఎడ్లను కట్టి, ఒక్కొక్క అంతరువు మీదికి తోడుకుంట గుట్ట మీది రాజమహల్ దాక ఎక్కించెటోళ్ళు. దుష్మన్ కంటికి ఆనకుండ ఉన్న చెరువు కాబట్టి, ముట్టడి పడ్డప్పుడు కోటల మనుషులకు దూప తెల్వలేదని మా ఊర్ల పెద్దలు అనెటోళ్ళు.

ఆ ముట్టడిల లోపల ఉన్న రాజే తానీషా. అసలు పేరు అబుల్ హసన్ కుతుబ్ షా. గోల్కొండ నేలిన ఎనిమిది మందిల ఆఖరోడు. 1672ల గద్దెనెక్కిండు, 1687ల గద్దె పోయింది. గెలిచిన రాజుల ముచ్చట్లు మీకు మస్తు దొరుకుతయి. నన్ను అడిగితె మనిషి గుణం తెల్వాలంటె ఈయన ముచ్చటే చెప్పాలె.

ఆయన పుట్టింది రాజుల కులంలనే, గని పెరిగింది రాజులెక్క పెరగలే. పాతబస్తీల షా రాజు అని సూఫీ గురువు ఉండె, ఆయన ఖాన్ఖాల శిష్యునిలెక్క పడి ఉన్నడు. పద్నాలుగేండ్లు అంటరు. పీరు కాళ్ళకాడ కూసునుడు, ఊడ్చుడు, నీళ్ళు మోసుడు, ఇంత వేస్తె అంత తినుడు. కోటలున్న చుట్టాలకు ఆయన ఒకడున్నడన్న సోయి గూడ లేకుండె. పేదరికమంటె ఏందో, ఇంకొకని చెయ్యి దిక్కు చూసుడంటె ఏందో ఆడ నేర్చుకున్నడు. నేను ఈ పద్నాలుగేండ్ల దగ్గర్నే ఎక్కువసేపు నిలబడ్త, ఎందుకంటె తర్వాత ఆయన చేసినయన్ని ఈడికెల్లే వచ్చినయని నా నమ్మకం.

అప్పుడు గద్దె మీద ఉన్నది అబ్దుల్లా కుతుబ్ షా. కొడుకులు లేరు, ముగ్గురు బిడ్డలు. ఒక బిడ్డ లగ్గం ముచ్చట చెప్తె మీరు పరేషాన్ అయితరు. 1656ల ఔరంగజేబు ఇంక బాద్షా కాకముందే, దక్కన్ సుబేదారిగ ఉండి, గోల్కొండ మీదికి ఒకసారి వచ్చి ముట్టడేసిండు. అప్పుడు రాజీ కుదిరింది. ఆ రాజీల ఒక షరతు, అబ్దుల్లా బిడ్డల ఒకామెను ఔరంగజేబు కొడుకు మహమ్మద్ సుల్తాన్‌కు ఇయ్యాలె అని. ఇంకో బిడ్డను సయ్యద్ అహ్మద్ అనేటాయనకు ఇచ్చిండ్రు. మూడో బిడ్డకు సయ్యద్ సుల్తాన్ అని ఇంకొకాయనను ఖాయం చేసిండ్రు. లగ్గం దగ్గరికొచ్చింది, సంబురాలు నడుస్తున్నయి. ఆ సయ్యద్ అహ్మద్‌కు, ఈ కాబోయే అల్లునికి పడదు. వీనికి పిల్లనిస్తె నేను ఈ రాజ్యంల ఉండ, ఔరంగజేబు దిక్కు పోత అని అహ్మద్ మర్లబడ్డడు. లగ్గం ఆపితె పరువు పోతది, చేస్తె ఇల్లు కూల్తది. అప్పుడు ఎవరికో ఖాన్ఖాల ఉన్న అబుల్ హసన్ యాదికొచ్చిండు. పోయి తీసుకొచ్చి, తానం చేయించి, పెండ్లిబట్టలు తొడిగి, గుర్రమెక్కించిండ్రు. పొద్దుగాల ఫకీరు, పొద్దుగూకేసరికి రాజు అల్లుడు.

పెండ్లికి పోయేటప్పుడు పీరు ఒక దానిమ్మ పండు ఇచ్చి తినుమన్నడని, ఆయన తిన్న గింజలెన్నో అన్నేండ్లు రాజ్యం చేస్తవని చెప్పిండని అంటరు. పద్నాలుగు గింజలు తిన్నడట. కథనే అనుకోండ్రి. గని ఆ కథ చెప్పుకున్నోళ్ళకు ఒకటి తెలుసు, ఈయన చేతికి వచ్చింది ఒకరోజు పోతదని ఈయనకు మొదటిరోజే ఎరుక.

ఇంకో లెక్క సూడుండ్రి. ఒక అల్లుడు ఔరంగజేబు కొడుకు, చిన్నల్లుడు అబుల్ హసన్. అంటె ఇద్దరు షడ్డకులైరి. తన కొడుకు షడ్డకుని మీదికే ఔరంగజేబు తర్వాత లష్కర్ తీసుకొని వచ్చిండు. ఆ మహమ్మద్ సుల్తాన్‌ను గూడ అంతకుముందే ఖైదుల పెట్టిండు, ఆయన 1676ల ఆ ఖైదులనే పోయిండు.

1672ల అబ్దుల్లా పోయిండు. సయ్యద్ అహ్మద్ గద్దె నాదన్నడు. గని దర్బారుల ఉన్నోళ్ళు, సయ్యద్ ముజఫర్ అసుంటి పెద్ద సర్దార్లు అబుల్ హసన్ దిక్కు నిలబడ్డరు. ఖాన్ఖాకెల్లి వచ్చినోడు, మనం చెప్పినట్టు ఇంటడు అనుకున్నరేమో. ముజఫర్ మీర్ జుమ్లా అయిండు, అంటె పెద్ద వజీరు. రాజ్యం మొత్తం తన చేతులనే ఉండాలని చూసిండు. ఆయన కింద లెక్కలు రాసే ఒక బ్రాహ్మణుడు ఉండె, హనుమకొండ దిక్కోడు అంటరు. ఆయనే మాదన్న. తమ్ముడో అన్ననో అక్కన్న. తానీషా ఆ ముజఫర్‌ను నెత్తురు చుక్క కారకుండ పక్కకు జరిపి, మాదన్నను మీర్ జుమ్లా చేసిండు. సూర్యప్రకాశరావు అని బిరుదు ఇచ్చిండు.

ఇది చిన్న పని అనుకోకుండ్రి. గోల్కొండల పెద్ద కొలువులంటె ఇరాన్‌కెల్లి వచ్చినోళ్ళవి, ఖాన్దాన్ ఉన్నోళ్ళవి. ఒక తెలుగు లెక్కలాయనను తెచ్చి వాళ్ళందరి మీద కూసోబెట్టుడంటె దర్బారంత కండ్లెర్రజేస్తదని ఆయనకు తెల్వదా? తెలుసు. అయినా చేసిండు, పన్నెండేండ్ల దాక ఆ మనిషి వెనుక నిలబడ్డడు. మాదన్న పన్నుల లెక్క సక్కదిద్దిండు, ఖజానా నింపిండు, తెలుగోళ్ళకు ఊర్లల్ల దఫ్తర్లల్ల నౌకర్లు ఇచ్చిండు. కుతుబ్ షాహీల ఫర్మానాలు చూసినోళ్ళు చెప్తరు, మీద ఫార్సీ రాత, కింద తెలుగు రాత. రైతుకు అర్థమయ్యే బాసల హుకుం రాసిన రాజ్యం అది.

రాజు ఏం చేస్తుండె మరి, అంత మాదన్ననే చేస్తె? ఈ మాట చరిత్ర రాసినోళ్ళు గూడ అడిగిండ్రు. పాటలు, ఆటలు, అత్తర్లు, విలాసం, రాజ్యం వజీరుకు వదిలిపెట్టిండని రాసిండ్రు. ఆయన పాట ఇష్టపడ్డది నిజమే, సుఖంగ బతికింది నిజమే. గని పనికొచ్చే మనిషిని గుర్తుపట్టి, వాని పనిల చెయ్యి పెట్టకుండ, వాని మీద వచ్చే రాళ్ళను తాను కాసుకునుడు గూడ రాజు పనే. మీ దఫ్తర్లల్ల ఎంతమంది పెద్దలు ఆ పని చేస్తరో మీకే తెలుసు.

రామదాసు ముచ్చట మీ అందరికి తెలిసిందే, తొందరగ చెప్త. నేలకొండపల్లి కంచర్ల గోపన్న, అక్కన్న మాదన్నలకు మేనల్లుడు. పాల్వంచ తహశీల్దారు. ప్రజలు కట్టిన పన్ను పైసలతోటి భద్రాచలంల గుడి కట్టిండు. మేనమామ పెద్ద వజీరైనా లెక్క లెక్కనే, గోల్కొండ ఖైదుల ఏసిండ్రు. ఆ కొట్టు గోడల మీద చెక్కిన బొమ్మలు ఇప్పటికి సూపిస్తరు. రాముడు లక్ష్మణుడు రామోజీ లక్ష్మోజీ అయి వచ్చి రాత్రిపూట తానీషాకు ఆరు లక్షల మొహరీలు కట్టి రసీదు తీసుకున్నరని మన ఇండ్లల్ల చెప్పుకుంటం. పొద్దుగాల లేచి గోపన్నను తానీషానే ఇడిపించిండు. అప్పటికెల్లి శ్రీరామనవమికి రాజు దిక్కుకెల్లి ముత్యాల తలంబ్రాలు భద్రాచలం పోతున్నయి. కుతుబ్ షాహీలు పోయిండ్రు, నిజాములు వచ్చి పంపిండ్రు, వాళ్ళు గూడ పోయిండ్రు, ఇప్పుడు మన సర్కారు పంపుతది. ఖైదుల పెట్టిన రాజును హరికథల, సినిమాల చెడ్డోనిగ చూపియ్యకుండ మన జనం మంచోనిగనే యాదిల పెట్టుకున్నరంటె, ఊరికెనే పెట్టుకోరు.

అమ్మా, నీది బెజవాడ దిక్కు అంటివి గదా. మీ కూచిపూడిల భాగవతులు ఆడంగ చూసి, సంబురపడి, ఆ ఊరును వాళ్ళకు అగ్రహారంగ ఇచ్చింది గూడ తానీషానే అని చెప్పుకుంటరు. బందరు దిక్కు పోతున్నప్పుడు ఆ తొవ్వల ఆగి చూసిండట.

శివాజీ ముచ్చట గూడ ఒక్క మాట. 1677ల శివాజీ పెద్ద ఫౌజు తీసుకొని హైదరాబాదు వచ్చిండు. ఇంకొక రాజు అయితె తలుపులు పెట్టుకునేది. తానీషా మర్యాదతోటి ఎదురుకొని తీసుకపోయి, పక్కన కూసోబెట్టుకొని మాట్లాడిండు. నెల దాక ఆ ఫౌజు ఈడ ఉంటె ఊర్ల ఒక్క దుకానం దోచుకోలే. పైసలు, ఫిరంగులు ఇచ్చి దక్షిణం దిక్కు సాగదోలిండు. శివాజీ శ్రీశైలం మీదికెల్లి పోయిండు. ఆ దోస్తానా మాదన్న కలిపింది. ఔరంగజేబుకు కండ్లల్ల పడ్డది గూడ అదే.

ఇగ గోస మొదలైన కాడికి వస్త.

1685ల ఔరంగజేబు తన కొడుకు షా ఆలంను గోల్కొండ మీదికి తోలిండు. మల్ఖేడ్ కాడ మనోళ్ళు అడ్డం పడ్డరు. సేనాపతి మీర్ ఇబ్రహీం ఆఖరుకు అవతలోళ్ళల్ల కలిసిండు. ఆ మాట తెలిసిన రాత్రి తానీషా పట్నం ఇడిసిపెట్టి గోల్కొండ కోటల చొచ్చిండు. పట్నం దిక్కులేనిదైంది. మొగలు ఫౌజు వచ్చి హైదరాబాదును దోచింది. షాపులు, ఇండ్లు, దర్బారు సామాను ఏది ఇడ్వలే. చార్మినారు చుట్టూత ఏడ్పులే. ఈ ఒక్క కాడ నేను తానీషాను ఎనుకేసుకొని రాలేను. జనాన్ని బయట వదిలి, రాజు గోడల లోపటికి పోయిండు. లోపటికి పోకపోతె ఆ రాత్రే పట్టుబడెటోడు, రాజ్యమే పోయేది, ఎరుకే నాకు. అయినా ఇండ్లు కాలినోళ్ళ దిక్కుకెల్లి చూస్తె అది తప్పే.

తర్వాత రాజీ మాటలు నడిచినయి. మాదన్నను తీసెయ్యాలె అన్నది ఒక షరతు. తానీషా జాప్యం చేసుకుంట వచ్చిండు. కోటల ఉన్న సర్దార్లకు, అబ్దుల్లా రాణులకు ఈ కష్టమంత మాదన్న వల్లనే అని మంట. 1686 మార్చిల ఒక రాత్రి, మాదన్న రాజును కలిసి ఇంటికి పోతుంటె గోల్కొండ గల్లీల మీదవడి నరికిండ్రు. అక్కన్నను గూడ చంపిండ్రు. మాదన్న తలకాయను మొగలు శిబిరానికి పంపిండ్రు. రాజుకు చెప్పకుండ, రాజు ఇంటి ముందట, రాజు మనిషిని చంపిండ్రు. పన్నెండేండ్లు కాసుకున్నోన్ని ఆ ఒక్క రాత్రి కాసుకోలేకపోయిండు. చంపినోళ్ళకు శిక్ష ఏసే తాకత్ గూడ అప్పుడు ఆయనకు లేకుండె. ఆయన జీవితంల నాకు మనసున పట్టనిది ఇది గూడ ఒకటి.

హరిబౌలిల అక్కన్న మాదన్న మహంకాళి గుడి ఉన్నది, చూసిండ్రా? బోనాలప్పుడు ఆడికెల్లి ఏనుగు మీద ఘటం పోతది. మూడొందల ఏండ్లు దాటినా ఆ పేర్లు జనం నోట్లె ఉన్నయి. చంపినోళ్ళ పేర్లు పుస్తకాలు చదివినోళ్ళకే తెలుసు.

మాదన్న తల ఇచ్చినా ఔరంగజేబు ఆగలే. 1686 సెప్టెంబర్ల బీజాపూర్ పడ్డది. 1687 మొదట్ల డెబ్బై దగ్గరికొచ్చిన ముసలి బాద్షా తానే గోల్కొండ ముందట వచ్చి కూసున్నడు. ముస్లిం రాజు మీదికి పోవుడు న్యాయం కాదని ఆయన కాజీ షేక్-ఉల్-ఇస్లాం అంతకుముందే కొలువు ఇడిసిపెట్టి పోయిండు. కన్నకొడుకు షా ఆలం లోపలోళ్ళతోటి రాజీ మాటలు నడిపిస్తున్నడని తెలిసి, ఆయనను భార్యాబిడ్డలతోటి ఖైదు చేసిండు.

ఎనిమిది నెలలు నడిచింది ముట్టడి. మనం ఇప్పుడు కూసున్న ఈ బండల కాడికెల్లి చూస్తె కోట కనపడేది అప్పుడు, ఈ అద్దాల మేడలు అడ్డం లేకుండె. ఫిరంగుల చప్పుడు ఈ గుట్టలల్ల ఎట్ల మోగిందో అనుకుంట నేను.

మొగలోళ్ళల్ల గూడ మొగోళ్ళు ఉండె, ఆ ముచ్చట దాచద్దు. ఖిలిచ్ ఖాన్ అని పెద్ద సర్దారు, గోడ దిక్కు దూకుతుంటె ఫిరంగి గుండు తగిలి భుజం తెగింది. గుర్రం దిగకుండ డేరాకు పోయిండు. జర్రాహులు పలిగిన బొక్కలను ఏరి తీస్తుంటె, ముఖం ముడువకుండ, మిగిలిన చేతితోటి కాఫీ తాక్కుంట వచ్చినోళ్ళతోటి మాట్లాడుకుంట కూసున్నడు. మూడు రోజులకు పానం పోయింది. హిమాయత్‌సాగర్ దిక్కు కిస్మత్‌పూర్‌ల ఆయన సమాధి ఉన్నది. ఆయన మనుమడే మన మొదటి నిజాం. తాత పానమిచ్చిన కోటను మనుమడు 1724 తర్వాత ఏలుకున్నడు.

వానలు పడ్డయి, ఏర్లు పొంగినయి. బయట ఉన్న మొగలు ఫౌజుకు తిండి లేదు. ఆ యేడు కరువు, పైకెల్లి రోగాలు. శవాలు కుప్పలు పడ్డయని మొగలు దిక్కు చరిత్ర రాసిన ఖాఫీ ఖాన్ ఫార్సీల రాసిపెట్టిండు. లోపల తానీషా గిడ్డంగులు నిండుగ ఉన్నయి. ఈడ ఆయన చేసిన పని ఇనుండ్రి. మనోళ్ళు కోట ముందట కొట్లాటల కొందరు మొగలు సర్దార్లను పట్టుకొని లోపటికి తెచ్చిండ్రు. వాళ్ళను ఆయన మర్యాదతోటి ఉంచి, ధాన్యం కొట్లు, మందుగుండు కొట్లు అన్ని తిప్పి చూపించి, బట్టలు పెట్టి వాపస్ పంపిండు. బాద్షాకు ఒక మాట చెప్పుమన్నడు. ఈ రాజ్యం నువ్వు తీసుకున్నా నీ సుబేదారు ఎవడో ఒకడు ఏలాలె, వానికి నువ్వే ఖర్చు పెట్టాలె, ఆ పని నాకే ఇయ్యి, యేటేటా కప్పం కడ్త. నీ ఫౌజు ఆకలితోటి సస్తున్నది, చెప్తె లక్షల మణుగుల ధాన్యం పంపుత అన్నడు.

గోడ అవతల నిలబడి తనను చంపచూస్తున్న ఫౌజుకు బువ్వ పెడ్త అన్నడు బిడ్డా. మంచితనమా, తెలివా అంటె రెండు ఉన్నయి అంట నేను. నా కొట్లు నిండి ఉన్నయి, నువ్వెంత కాలం కూసున్నా నాకేం కాదని చెప్పినట్టు గూడ అయింది. గని ఆకలంటె ఏందో తెలిసినోనికే అసుంటి మాట నోటికొస్తది. ఔరంగజేబు ఒప్పుకోలే. అబుల్ హసన్‌కు నిజంగ బుద్ధి వస్తె చేతులు కట్టుకొని రావాలె అని జవాబు పంపిండు.

జూన్‌ల మొగలోళ్ళు బుర్జు కిందికి సొరంగం తవ్వి మందు కూరిండ్రు. లోపలోళ్ళు ఎదురు సొరంగం తవ్వి, లోపలి దిక్కు మందు తీసేసి నీళ్ళు పోసిండ్రు. నిప్పు పెట్టంగనే అది బయటి దిక్కు పేలి, మొగలోళ్ళ మీదనే రాళ్ళు కురిసినయి. ఆ పని చేయించింది తానీషా సర్దారు అబ్దుల్ రజాక్ లారీ. ఇరాన్‌ల లార్ దిక్కోడు. ఔరంగజేబు ఆయనకు పెద్ద మన్సబు ఇస్తనని జాబు రాసి పంపిండు. రజాక్ ఆ జాబును బుర్జు మీద నిలబడి, తన మనుషులందరు చూస్తుంటె చించి పారేసి, కర్బలాల హుసేన్ వెంట ఉన్నోళ్ళలెక్క ఈడనే సస్త గని రాను అన్నడు.

ఒక్కొక్క సర్దారు ఒక్కొక్క రాత్రి జారిపోతనే ఉన్నరు. మిగిలినోళ్ళల్ల అబ్దుల్లా ఖాన్ పన్నీ అని ఒక పఠాను ఉండె, తలుపు కావలి వానికే ఇచ్చిండు రాజు. 1687 సెప్టెంబర్, తెల్లవారుజాము. ఆ పఠాను లంచం తీసుకొని ఖిడ్కీ తీసిండు. మొగలు ఫౌజు లోపటికి వచ్చింది.

రజాక్‌కు తెలిసింది. జీను గూడ లేని గుర్రం మీదికి ఎగిరి, కత్తి ఒకటి డాలు ఒకటి పట్టుకొని, పదిపన్నెండు మంది వెంట రాంగ ఎదురు పోయిండు. పానం ఉన్నన్ని రోజులు తానీషా కోసం కొట్లాడ్త అని అరుసుకుంట పోయిండట. తల కాడికెల్లి కాలి దాక డెబ్బై దాక గాయాలు. ముఖం మీది తోలు కండ్ల మీదికి వేలాడి తొవ్వ కనపడలే. గుర్రమే తీసుకపోయి నగీనాబాగ్‌ల ఒక చెట్టు కింద పడేసింది. పొద్దుగాల చూస్తె ఊపిరున్నది. అసుంటోడు ఇంకొకడు ఉంటె ఈ కోట ఇంకెన్ని రోజులు పట్టేదో అని ఔరంగజేబే అన్నడని, హకీములను పంపి బతికించిండని ఖాఫీ ఖాన్ రాసిండు.

ఆ రాత్రి తానీషా ఏం చేసిండో ఇప్పుడు చెప్త. నేను మీకు చెప్పాలనుకున్నది ఇదే.

అరుపులు ఇనపడ్డయి. కోట పడ్డదని తెలిసింది. జనానాలకు పోయి, ఏడుస్తున్న ఆడోళ్ళను ఓదార్చి, ఏమన్న తప్పులు చేస్తె మాఫ్ చేయుండ్రని ఒక్కొక్కరి దగ్గర సెలవు తీసుకున్నడు. దర్బారు హాలుకు వచ్చి, గద్దె మీద కూసొని, పిలువని సుట్టాల కోసం ఎదురుచూసిండు. తన పొద్దుటి బువ్వ యాళ్ళకు దస్తర్‌ఖాన్ పర్వుమన్నడు. రూహుల్లా ఖాన్, ఇంకొందరు మొగలు సర్దార్లు కత్తులు పట్టుకొని లోపటికి వచ్చిండ్రు. ఆయన ముందే సలాం చేసిండు. కూసోండ్రన్నడు. మంచిచెడ్డ అడిగిండు. తెల్లారెదాక మాట తొట్రుపడకుండ వాళ్ళతోటి ముచ్చటపెట్టిండు. బువ్వ వచ్చింది. వాళ్ళను గూడ తినుండ్రన్నడు. కొందరు కూసున్నరు, కొందరు బిత్తరపోయి చూసిండ్రు. ఇసుంటి యాళ్ళ తినబుద్ధి ఎట్లయితున్నది అని ఒకాయన అడగనే అడిగిండు. నేను రోజు తినే యాళ్ళ ఇదే గదా అన్నడు తానీషా. యాళ్ళ సరే, లోపటికి పోతదా అంటె, అప్పుడు చెప్పిండు తన లెక్క. రాజుల ఇంట పుట్టిన గని ఏండ్లకేండ్లు పేదరికంల ఉంచిండు దేవుడు. నేను అడుగలే, అనుకోలే, ఒకరోజు రాజ్యం ఇచ్చిండు. లక్షలు ఇచ్చిన, కోట్లు ఖర్చు పెట్టిన. ఏం తప్పు చేసిన్నో, ఇయ్యాల తీసుకున్నడు. ఇచ్చినప్పుడు గూడ ఆయనకే షుక్ర్ అన్న, ఇప్పుడు గూడ అదే అంటున్న.

గద్దె మీద ఉన్నప్పుడు శాంతం చూపెట్టుడు కష్టం కాదని మీరు అనచ్చు. ఈయన కత్తుల నడుమ కూసొని చూపెట్టిండు. దాన్ని రాసిపెట్టింది గూడ ఈయన చుట్టం కాదు, మొగలు దిక్కు మనిషి. అందుకే నేను నమ్ముత.

తిన్నంక గుర్రం తెప్పించి, మెడల ముత్యాల హారం ఏసుకొని, వాళ్ళ వెంట పోయిండు. బయట డేరాల ఔరంగజేబు ఇంకో కొడుకు, శాహజాదా ఆజం కూసున్నడు. తానీషా మెడలకెల్లి హారం తీసి ఆయనకు ఇచ్చిండు, నజరానాలెక్క. ఓడినోడు ఉత్తచేతులతోటి పోలే. ఆజం ఆ హారం తీసుకొని, ఆయన వీపు మీద చెయ్యి ఏసి ఓదార్చిండు. ఔరంగజేబు గూడ మర్యాద తప్పలే. తర్వాత దౌలతాబాద్ పంపిండ్రు. ఆ కోటల చీనీ మహల్‌ల పన్నెండేండ్లు ఖైదుల ఉన్నడు. 1699ల ఆడనే పోయిండు. పక్కన ఖుల్దాబాద్‌ల మట్టి చేసిండ్రు. 1707ల ఔరంగజేబు పోయినంక ఆయనను గూడ ఆ ఊర్లనే పెట్టిండ్రు. మన కోట పక్కన కుతుబ్ షాహీల సమాధులు ఉన్నయి గదా, మిగిలిన ఏడుగురు రాజులు ఆడ ఉన్నరు. ఈయన ఒక్కడు లేడు.

రజాక్ ఏమైండు అంటవా? మంచిగైంది. ఔరంగజేబు కొలువుల చేరుమన్నడు. తానీషా ఉప్పు తిన్నోన్ని, ఇంకొకని చేతికింద ఉండలేను అని శానా రోజులు ఒప్పుకోలే. కడకు ఒప్పుకున్నడు, మన్సబు తీసుకున్నడు. దాన్ని నేను తప్పు పట్ట. డెబ్బై గాయాలు తగిలినంక మనిషి బాకీ తీరిపోయింది.

వచ్చే ఆదివారం మీకు సుట్టి గదా, పొద్దుగాలనే పోండ్రి. ఈడికెల్లి రాయదుర్గం, షేక్‌పేట మీదికెల్లి పోతె ఎంతసేపు, ఎండెక్కకముందే చేరుకుంటరు. బాలా హిసార్ దర్వాజ కాడ చప్పట్లు కొట్టుడుతోటె ఆగకుండ్రి, అందరు అదే చేస్తరు. లోపటికి పోంగనే నగీనాబాగ్ ఏడ అని అడుగుండ్రి, రజాక్ పడ్డది ఆడ. మీదికి ఎక్కుతుంటె రామదాసు ఖైదుఖానా వస్తది. అక్కన్న మాదన్నల దఫ్తర్లు గూడ సూపిస్తరు. దిగి వచ్చినంక కటోరా హౌజ్ చూడుండ్రి, మన చెరువు నీళ్ళు చేరింది ఆడికే. ఫతే దర్వాజ దిక్కు బయటికి రాండ్రి, ఔరంగజేబు గెలుపు పేరు పెట్టిన దర్వాజ అది. నీళ్ళ సీసాలు తీసుకపోండ్రి, మెట్లు శానా ఉన్నయి.